తలుపు ఒప్పుకుంది

మా కాకినాడలో జ్ఞానశిఖర కళాశాల వారు ఈ ఏడు పెట్టిన నిబంధనల్లో తప్పేమీ లేదు. ఆ మాట ముందే చెప్పడం న్యాయం. పదకొండు పేజీల పుస్తకాన్ని నేను అట్ట నుంచి అట్ట దాకా చదివాను. ఒక్క అచ్చుతప్పు కూడా కనబడలేదు.

కిందటేడు ఆ కాలేజీ వారు ఆనర్స్ కోర్సుకి ఎంపికైన అరవై మందినీ ఫోనులో సందేశం పంపి పిలిచారట. పదకొండు మంది వచ్చారు. మిగతా వాళ్ళ తల్లిదండ్రులు అదేదో లోను ఇస్తామనే సందేశం అనుకుని చెరిపేశారు. దీని మీద కాలేజీ ఒక సంఘం వేసింది. సంఘం నాలుగు నెలలు శ్రమించి, మన వైపు ఫోనులో పిలిస్తే అది పిలుపు కాదని, ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపని కనిపెట్టింది. మా అత్తగారు బతికుంటే ఈ సంగతి కాఫీ చల్లారేలోపు చెప్పేవారు.

దాంతో ఈ ఏడు 'ముందస్తు నిర్ణయ పథకం' మొదలైంది. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలోగా దరఖాస్తు పెట్టాలి. పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు, టీసీ అసలు కాగితాలే అప్పజెప్పాలి. మే పదిహేనుకల్లా నిర్ణయం వస్తుంది. ఎంపికైన వారి ఇంటికి ఆహ్వాన బృందం స్వయంగా వచ్చి తల్లికి బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి పిలుస్తుంది. బృందం ఏ రోజున, ఏ వేళకు వస్తుందో ముందుగా చెప్పరు. చెబితే ఆత్రుత స్వచ్ఛంగా ఉండదట.

తల్లిదండ్రుల సమావేశంలో డీన్ డాక్టర్ ముక్తేశ్వరరావు గారు ఇదంతా వివరించారు. ఆయనది మెల్లగా, ప్రతి మాటకీ ఒక దిండు వేసి కూర్చోబెట్టినట్టు మాట్లాడే పద్ధతి.

"అమ్మా, ఆహ్వానమనేది కేవలం సమాచార ప్రసార ప్రక్రియ కాదు. అది ఒక సాంస్కృతిక అనుసంధానం. ఆ అనుసంధానానికి ముఖద్వారం మాతృమూర్తి నుదురు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను చెయ్యెత్తాను.

"భర్త లేని తల్లులకి ఎలా బొట్టు పెడతారండీ? కొందరు పెట్టించుకోరు కదా."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ కేటగిరీ ఉపసంఘం పరిశీలనలో ఉంది."

నా వెనక వరసలో తెల్లచీరలో ఒకావిడ దరఖాస్తు మడిచి సంచిలో పెట్టుకుని, చడీచప్పుడూ లేకుండా లేచి వెళ్ళిపోయింది. ఉపసంఘానికి ఒక కేసు తగ్గింది.

మా మృదులకి ఆనర్స్ మీద మొదటినుంచీ పెద్ద ఆశ లేదు. దానికి ఫిజిక్స్ కావాలి, ఎక్కడైనా సరే. ఆశంతా వాళ్ళ నాన్నది. ఆయన ఓడరేవు ఆఫీసులో పని చేస్తారు. ఆ ఆఫీసులో ఇద్దరి పిల్లలు ఏదో ఒక ఆనర్స్ చదువుతున్నారట. "ఊరికే ఆనర్స్ అంటారా, అందులో ఏదో ఉండే ఉంటుంది," అన్నారు. ఏముందో నేను పుస్తకంలో వెతికాను. ఏడో పేజీలో ఉంది: ఆనర్స్ విద్యార్థులకు మెడలో వేసుకునే పట్టీ రంగు వేరు.

ఆ పేజీ తరవాత పేజీలో తొమ్మిదో నిబంధన ఉంది. నేను పప్పులో రాళ్ళు ఏరే అలవాటున్న మనిషిని కాబట్టి దాన్ని రెండుసార్లు చదివాను. బొట్టు పెట్టించుకున్నవారు మూడు నిమిషాల్లోగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. ఇల్లు తాళం వేసి ఉంటే లోకాచారాన్ని అనుసరించి ప్రధాన ద్వారానికి బొట్టు పెట్టి, కార్డు గొళ్ళెంలో ఉంచి, ద్వారాన్నే స్వీకర్తగా భావించాలి. ఒకసారి ఒప్పుకున్నాక దాన్ని స్వీకర్త తప్ప వేరెవరూ ఉపసంహరించుకోకూడదు. స్వీకర్త స్వయంగా హాజరు కావాలి.

ఆచారం మాట నిజమే. తాళం వేసిన ఇంటికి మేమూ అలాగే తలుపుకి బొట్టు పెట్టి వస్తాం. ఆ తలుపు పెళ్ళికి వస్తుందని మాత్రం విస్తరి వెయ్యం.

మే పదిహేను వచ్చింది, వెళ్ళింది. బృందం రాలేదు.

మా వీధిలో ఈ పథకానికి దరఖాస్తు పెట్టినవాళ్ళం ఇద్దరమే. నేనూ, ఎదురింటి భ్రమరాంబా. వాళ్ళబ్బాయి శశాంక్ మా మృదులతోనే చదివాడు. భ్రమరాంబ తొమ్మిదింటికల్లా పట్టుచీర కట్టుకుని, గుమ్మానికి మామిడాకులు కట్టి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆరింటికి చీర మార్చుకునేది. ఆకులు రోజూ కొత్తవి. రోహిణి కార్తెలో పట్టుచీర అంటే ఊరికే కాదు. పక్కన తువ్వాలు పెట్టుకునేది, ఆటో చప్పుడైతే మొహం తుడుచుకుని తువ్వాలు దాచేసేది.

"వదినగారండీ, మీరు నేత చీరతో కూర్చున్నారేంటండీ? చూసి ఏమనుకుంటారు?" అని గేటు దగ్గర్నుంచి అరిచేది.

"నుదురు కనబడితే చాలన్నారుగా."

"ఏమోనమ్మా, నాకు భయం."

ఇరవై రెండో తారీకున ఆటో నిజంగానే వాళ్ళ గేటు ముందు ఆగింది. వెండి కుంకుమభరిణె పట్టుకుని ఇద్దరాడవాళ్ళు దిగారు. నేను వరండాలోంచి చూస్తున్నాను. భ్రమరాంబ బొట్టు పెట్టించుకుని, వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టి, లోపలికి తీసుకెళ్ళి గారెలూ పాయసం పెట్టి, అరగంట తరవాత అడిగిందట.

"మావాడికి ఏ గ్రూపులో ఇచ్చారండీ?"

"గ్రూపేంటమ్మా! ఆదివారం మా మనవరాలి ఓణీల ఫంక్షను. మీ ఆయన మేనత్త కోడల్ని నేను, గుర్తుపట్టలేదా?"

వాళ్ళు వెళ్ళాక మా ఇంటికొచ్చి ఏడ్చింది. నేను మంచినీళ్ళిచ్చాను. ఆ ఆదివారం ఫంక్షనుకి మాత్రం వెళ్ళలేదు. ఇల్లు కదిలితే తలుపుకి బొట్టు పెట్టి పోతారని. తలుపు ఒప్పుకున్నా పనవుతుందని నేను చెప్పాను గానీ, అంత పెద్ద విషయంలో తలుపుని నమ్మలేనంది.

జూన్ మొదటి వారంలో కాలేజీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. 'మీ అమ్మాయి దరఖాస్తు తిరస్కరించబడలేదు. ఆమోదించబడనూ లేదు. నిరీక్షణకు ఎంపికైంది. అభినందనలు.' మా ఆయన ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, ఆఫీసుకి పట్టుకెళ్ళారు.

ఈలోగా, ముందస్తు అనే మాట ఎక్కడా వాడని ప్రభుత్వ కాలేజీ వారు జాబితా పెట్టేశారు. మృదులకి ఫిజిక్స్‌లో సీటు వచ్చింది. అది గంతెయ్యలేదు. తెరమీద తన పేరు మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకుంది. జూన్ ఇరవై ఎనిమిది, సాయంత్రం నాలుగింటిలోగా అసలు కాగితాలతో హాజరవ్వాలి. లేకపోతే సీటు తరవాతి వాళ్ళకి వెళ్ళిపోతుంది.

"అమ్మా, కాగితాలు వాళ్ళ దగ్గరున్నాయిగా," అంది.

"అడిగి తెచ్చుకుందాం."

"ఇస్తారా?"

"మనవేగా."

ఇరవై ఆరున ఇంటికి తాళం వేసి ఇద్దరం జ్ఞానశిఖరానికి వెళ్ళాం. డీన్ గారి గది బయట గంటన్నర కూర్చోబెట్టాక లోపలికి పిలిచారు.

"కాగితాల ప్రత్యర్పణ," అన్నారాయన, "రెండు సందర్భాల్లో సాధ్యం. తిరస్కృత అభ్యర్థులకు వెంటనే. ఆమోదిత అభ్యర్థులకు ఉపసంహరణ మీదట. మీ అమ్మాయి ప్రస్తుతం ఈ రెండు స్థితుల మధ్య ఉంది."

"అయితే తిరస్కరించెయ్యండి."

ఆయన నొచ్చుకున్నారు. "తిరస్కరణ మా సంస్థాగత స్వభావంలో లేదమ్మా. నాలుగు వందల మంది దరఖాస్తుదారుల్లో ఒక్కరినీ మేం తిరస్కరించలేదు. మూడు వందల నలభై మందిని నిరీక్షణకు ఎంపిక చేశాం."

"ఎప్పటిదాకా అండీ?" మృదుల అడిగింది.

"నిరీక్షణకు కాలపరిమితి విధిస్తే అది నిరీక్షణ కాదు తల్లీ, గడువు అవుతుంది."

ఒంటిగంటకి ఇల్లు చేరాం. గేటు తీస్తూ మృదుల ఆగిపోయింది.

మా తలుపుకి బొట్టు ఉంది. పసుపు రాసి, మధ్యలో రూపాయి కాసంత కుంకుమ, సరిగ్గా ఇంటి నంబరు రేకు పైన. గొళ్ళెంలో బంగారు అంచు కార్డు.

భ్రమరాంబ రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చింది. "ఇప్పుడే వచ్చి వెళ్ళారండీ! ఇద్దరాడవాళ్ళు, ఒక మగాయన. బొట్టు పెట్టి, అక్షింతలు వేసి, వాచీ చూసుకుంటూ మూడు నిమిషాలు నిలబడ్డారు. నేను పిలుస్తుంటే, స్వీకర్తతో మాట్లాడుతున్నాం, మధ్యలో రావద్దన్నారు." తన గుమ్మం వైపు చెయ్యి చూపించింది. "మా ఇంటివైపు కన్నెత్తి చూళ్ళేదు వదినగారూ. నేను ఇక్కడే ఉన్నాను. నలభై రెండు రోజులు ఇక్కడే ఉన్నాను."

ఆ పట్టుచీర అంచు చెమటకి రంగు దిగింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ఈసారి వెంటనే లోపలికి పిలిచారు. ఆమోదిత వర్గంలోకి మారాం కదా.

"శుభాకాంక్షలు. మీ అమ్మాయి ఆనర్స్‌లో ప్రవేశం పొందింది."

"మేం ఉపసంహరించుకుంటున్నామండీ. ఆమోదిత అభ్యర్థులకి ఇస్తామన్నారుగా. కాగితాలు ఇప్పించండి."

ఆయన ఒక ఫైలు తెరిచారు. అందులో మా తలుపు ఫొటో ఉంది, బొట్టుతో. కింద వరసగా రాసి ఉంది. స్వీకర్త: ప్రధాన ద్వారం. రకం: టేకు, ఒంటిరెక్క. అభ్యంతరం: తెలుపలేదు. నిర్ణయం: అంగీకారం. పక్కన 'అభ్యర్థితో సంబంధం' అన్న గడిలో 'సంరక్షకులు' అని ఉంది.

"ఉపసంహరణ హక్కు స్వీకర్తది," అన్నారాయన.

"తలుపుది."

"సాంకేతికంగా, అవును."

"నేను దాని తల్లినండీ."

"తలుపుకా?"

"అమ్మాయికి."

"అమ్మా, మీరు ఆ సమయంలో గృహంలో లేరు. మీ బాధ్యతను ద్వారం నిర్వర్తించింది. దాని నిర్ణయాన్ని ఇప్పుడు మేం తోసిపుచ్చితే, రేపు ప్రతి తల్లీ వచ్చి తన తలుపు మాట తనకు కట్టుబాటు కాదంటుంది. వ్యవస్థ ఏమైపోవాలి?"

మృదుల బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయింది. "ఫరవాలేదమ్మా. ఇక్కడే చేరతాను. ఇక్కడా ఫిజిక్స్ ఉందిగా."

లేదు. పుస్తకం నాలుగో పేజీలో ఉంది. ఆనర్స్‌లో ఏ సబ్జెక్టు ఇస్తారన్నది చేరాక నిర్ణయిస్తారు. అది దానికీ తెలుసు. నన్ను ఊరడించడానికి అంటోంది. పదిహేడేళ్ళ పిల్ల తల్లిని ఊరడించాల్సి వస్తే, తల్లి చెయ్యాల్సిన పని ఇంకేదో మిగిలి ఉందనే అర్థం.

"తొమ్మిదో నిబంధన ఇంకోసారి చదువు," అన్నాను.

చదివింది. స్వీకర్త స్వయంగా హాజరు కావాలి. నా మొహంలోకి చూసింది.

"అమ్మా, వద్దు. నవ్వుతారు."

"నవ్వనీ. నాలుగింటిలోగా నవ్వితే చాలు."

ఇరవై ఎనిమిదో తారీకు పొద్దున్న వడ్రంగి అప్పలకొండని పిలిపించాను. ఆ తలుపు పదహారేళ్ళ కిందట బిగించింది అతనే.

"చెద పట్టిందాండీ?" అన్నాడు.

"లేదు. కాలేజీకి వెళ్ళాలి."

"ఎవరండీ?"

"తలుపు."

అప్పలకొండ ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆయ్, అలాగేనండి," అని బందుల మరలు విప్పడం మొదలుపెట్టాడు. పనివాడంటే అలా ఉండాలి.

మా ఆయన ఆ రోజు సెలవు పెట్టక తప్పలేదు. తలుపు లేని ఇంటిని వదిలి వెళ్ళలేం కదా. సెలవు చీటీ ముందు పెట్టుకుని కలం పట్టుకు కూర్చున్నారు.

"కారణం ఏం రాయను విశాలా?"

"సంరక్షకులు కాలేజీకి వెళ్ళారని రాయండి."

"సంరక్షకుణ్ణి నేను కదే."

"మీ పేరు ఫైల్లో లేదండీ."

ఆయన పాపం 'సొంత పని' అని రాసుకుని, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని పేపరు తెరిచారు.

బొట్టు చెరగకుండా మృదుల దానిమీద ఒక స్టీలు గిన్నె బోర్లించి, తాడుతో కట్టింది. తలుపుని ట్రాలీ ఆటోలో పడుకోబెట్టాం. అది కదలకుండా నేనూ, మృదులా చెరోవైపు కూర్చున్నాం. అప్పలకొండ ఆటో అతని పక్కన ఎక్కాడు. జగన్నాథపురం వంతెన మీద బస్సులో జనం తొంగి చూశారు. మృదుల మొదట తల దించుకుంది. వంతెన దిగేసరికి గిన్నె మీద చెయ్యేసి, తిన్నగా ముందుకు చూస్తూ కూర్చుంది.

గేటు దగ్గర వాచ్‌మాన్ పుస్తకం తెరిచాడు. "పేరండీ?"

"ప్రధాన ద్వారం."

"ఎవరిని కలవాలండీ?"

"డీన్ గారిని."

రాసుకుని లోపలికి పంపాడు. ఆ కాలేజీలో ఆ పుస్తకం ఎవరూ చదవరని అప్పుడర్థమైంది.

డీన్ గారి గది తలుపు కన్నా మా తలుపు వెడల్పు. అందుకని ఆయనే బయటికి రావలసి వచ్చింది. అప్పలకొండా, ఆటో అతనూ దాన్ని వరండాలో గోడకి ఆనించి నిలబెట్టారు. నేను గిన్నె తీశాను. పిల్లలు మెట్ల మీద గుమిగూడారు.

"ఏమిటమ్మా ఇది?"

"స్వీకర్తండీ. స్వయంగా వచ్చారు."

ఆయన నవ్వుతారేమో, కోప్పడతారేమో అనుకున్నాను. ఆయన రెండూ చెయ్యలేదు. ఫైలు తెప్పించారు. ఫొటో తీసి తలుపు పక్కన పెట్టి చూశారు. వేలితో కుంకుమ కైవారం కొలిచారు. అప్పుడు నాకు ఆయన మీద ఒక రకమైన గౌరవం కలిగింది. ఆయన మమ్మల్ని ఏడిపించడానికి ఇదంతా చెయ్యలేదు. నమ్మి చేశారు.

"ఇది ఆ ద్వారమే అనడానికి గుర్తింపు?"

"ఇంటి నంబరు నుదుటిమీదే ఉంది."

నంబరు సరిపోల్చుకున్నారు. గొంతు సవరించుకున్నారు. "అయితే స్వీకర్త తమ అభిమతాన్ని వ్యక్తపరచవలసి ఉంటుంది."

"ఒప్పుకున్నప్పుడు ఎలా వ్యక్తపరిచిందండీ?"

ఆయన ఫైలు చూశారు. "మూడు నిమిషాల్లో అభ్యంతరం తెలపలేదు."

"కాగితాలు ఇచ్చెయ్యడానికి అభ్యంతరం ఉందేమో అడగండి. అదే పద్ధతి."

డాక్టర్ ముక్తేశ్వరరావు గారు కోటు గుండీ పెట్టుకుని, మా తలుపు ఎదురుగా నిలబడి, ఆ దిండ్లు వేసిన గొంతుతోనే అడిగారు. "కుమారి మృదుల ప్రవేశమును ఉపసంహరించి, ధ్రువపత్రములు తిరిగి ఇచ్చుటకు తమకు అభ్యంతరం కలదా?"

గుమాస్తా వాచీ పట్టుకున్నాడు.

మూడు నిమిషాలంటే ఎంతసేపో ఆ రోజు తెలిసింది. రెండో నిమిషంలో గాలి వచ్చి గొళ్ళెం టక్కుమంది. డీన్ గారు చెవి రిక్కించారు. మృదుల నా చెయ్యి పట్టుకుంది. అప్పలకొండ ఏమీ ఎరగనట్టు ముందుకొచ్చి గొళ్ళెం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"సమయం అయిందండీ," అన్నాడు గుమాస్తా.

అభ్యంతరం తెలుపలేదు, అని డీన్ గారు స్వయంగా రాసి సంతకం పెట్టారు. గుమాస్తా బీరువా తాళం తెరిచి కవరు తెచ్చిచ్చాడు. మూడు కాగితాలూ ఉన్నాయా అని అక్కడే చూసుకున్నాను. మేం మెట్లు దిగుతుంటే ఆయన వెనకనుంచి, నాతో కాదు, తలుపుతో అన్నారు. "సంస్థ మీ సహకారానికి కృతజ్ఞురాలు."

ప్రభుత్వ కాలేజీ చేరేసరికి మూడూ నలభై. ట్రాలీని గేటు పక్కన ఆపి మృదుల పరిగెత్తింది. అక్కడ కిటికీలో కూర్చున్నాయన తల ఎత్తకుండా కాగితాలు తిప్పి, ముద్ర వేసి, "రేపట్నుంచి క్లాసులు, టైముకి రా," అన్నాడు. అభినందనలు చెప్పలేదు. దాని నుదురు వైపు చూడనైనా లేదు. మృదుల రసీదు పట్టుకుని బయటికొచ్చి, ట్రాలీ ఎక్కి, తలుపు మీద చెంప ఆనించి పడుకుంది. చెంపకి కుంకుమ అంటుకుంది. తుడవబోతే వద్దంది.

ఆరింటికి అప్పలకొండ తలుపు బిగించాడు. ఒక మర మిగిలింది. ఎక్కడిదో మళ్ళీ చూసి బిగించేదాకా అతన్ని కదలనివ్వలేదు. మా ఆయన లేచి, తలుపు మూసి తెరిచి చూసుకుని, ఎందుకో కాస్త మర్యాదగా లోపలికి వెళ్ళారు.

దీపం పెట్టే వేళకి భ్రమరాంబ వచ్చింది. అదే పట్టుచీర. వీధిలో అందరికీ అప్పటికే అంతా తెలిసిపోయింది. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రాదు.

"వదినగారండీ, ఒక్క మాట. కాదనకూడదు మరి."

"చెప్పు."

"ఆ కాలేజీలో డీన్ గారంతటాయన లేచొచ్చి మాట్లాడిందంటే మీ తలుపుతోనే కదండీ. కోటు గుండీ కూడా పెట్టుకున్నారట." కళ్ళొత్తుకుంది. "రేపు ఒక్క పూట పంపించరూ? మావాడి గురించి ఒక మాట చెప్పిస్తాను. ట్రాలీ నేనే మాట్లాడుకుంటాను."

నేను నవ్వబోయాను. ఆమె మొహం చూసి ఆగిపోయాను. నలభై నాలుగు రోజుల మొహం అది.

"వెళ్ళి నీ కొడుకు కాగితాలు తెచ్చుకో భ్రమరాంబా. నిబంధనల పుస్తకంలో దారి నేను వెతికి చెబుతాను."

"కాదండీ. వాడికి ఆనర్సే కావాలి. మీ తలుపు పంపించండి."

ఇంక నా చేతిలో ఏముంది? పక్కకి తప్పుకున్నాను.

"దాన్నే అడుగు," అన్నాను. "పద్ధతి నీకు తెలుసుగా."

భ్రమరాంబ కొంగు నిండుగా కప్పుకుని, మా తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడి, గొంతు తగ్గించి అడిగింది. తరవాత గోడ గడియారం కనబడేలా కాస్త పక్కకి జరిగి, ఎదురుచూడటం మొదలుపెట్టింది.